టొరంటోలో జమైకా వంట తినాలంటే ముందు ఎగ్లింటన్ వెస్ట్ వెళ్లండి

మీరు టొరంటో వచ్చి నాలుగు నెలలైందని రాశారు. ఆఫీసులో జమైకా స్నేహితుడు పెట్టిన కర్రీ గోట్, అంటే మేక కూర, తిన్నప్పటి నుంచి అలాంటిది ఎక్కడ దొరుకుతుందా అని వెతుకుతున్నారు. డౌన్‌టౌన్‌లో ఒకచోట జెర్క్ అనే పొగలో కాల్చే చికెన్ తింటే, తియ్యటి సాస్ పూసిన మామూలు చికెన్‌లా అనిపించిందన్నారు. మీరు బీఫ్ తినరు, మీ రూమ్మేట్ పూర్తి శాకాహారి. ఈ రెండూ చెప్పడం మంచిదైంది. ఎక్కడ తినాలన్నదాని కన్నా కౌంటర్ దగ్గర ఏం అడగాలన్నదే మీ ఇద్దరికీ ఎక్కువ అవసరం.

నేను 2006 నుంచి ఇక్కడ ఉంటున్నాను. వయసు మళ్లినవాళ్లను చూసుకునే కేర్ హోమ్‌లో చాలా ఏళ్లు నైట్ డ్యూటీలు చేశాను. నాతో పనిచేసినవాళ్లలో జమైకా ఆడవాళ్లు చాలామంది. రాత్రి రెండింటికి బ్రేక్ రూమ్‌లో వాళ్ల డబ్బా నేను, నా డబ్బా వాళ్లు తిని ఒకరి వంట ఒకరం నేర్చుకున్నాం. నా గోంగూర పచ్చడి మొదటిసారి నాలుక మీద వేసుకున్న ఒకావిడ కళ్లు మూసుకుని "ఇది మా సోరెల్ కదా" అంది. ఆ మాట సంగతి తర్వాత చెప్తాను.

సూటిగా సమాధానం కావాలంటే, ఎగ్లింటన్ అవెన్యూ వెస్ట్. అలెన్ రోడ్ నుంచి పడమరగా కీల్ స్ట్రీట్ వైపు సాగే ఆ ముక్కను లిటిల్ జమైకా అంటారు. సబ్‌వే లైన్ 1లో ఎగ్లింటన్ వెస్ట్ స్టేషన్ దిగండి, దాని పేరు సీడర్‌వేల్‌గా మార్చారు. అక్కడి నుంచి పడమరకు నడుస్తూ ఓక్‌వుడ్ దాకా వస్తే పొగ వాసనే దారి చూపిస్తుంది. వీధి పొడవునా మంగలి షాపులు, సవరాల షాపులు, బేకరీలు, మధ్యమధ్యలో నాలుగు కుర్చీలు కూడా లేని చిన్న చిన్న పార్సిల్ కౌంటర్లు ఉంటాయి. ఆ కౌంటర్లే మీకు కావాల్సినవి. రేటింగులు చూసుకుని డౌన్‌టౌన్‌లో వెతకడం కన్నా, జమైకా వాళ్లు డ్యూటీ దిగి ఇంటికి తీసుకెళ్లే చోట లైన్లో నిలబడటం మేలు. అక్కడ రుచి తగ్గితే కొనేవాళ్లే ఊరుకోరు.

వాళ్లు ఇక్కడికి ఎలా వచ్చారో తెలిస్తే ఆ వీధి ఇంకా బాగా అర్థమవుతుంది. 1955లో కెనడా ప్రభుత్వం ఒక పథకం పెట్టి జమైకా, బార్బడోస్‌ల నుంచి పెళ్లికాని యువతులను ఇళ్లలో పనికి రప్పించింది. ఏడాది పనిచేస్తే ఇక్కడే స్థిరపడనిచ్చేవారు. 1960లలో జాతిని బట్టి మనుషుల్ని ఆపే వలస నియమాలు సడలాక వాళ్ల కుటుంబాలూ, ఇంకా వేలమందీ వచ్చారు. అలా వచ్చినవాళ్లు 1970లలో ఎగ్లింటన్ వెస్ట్‌లో దుకాణాలు తెరిచారు. ఒకప్పుడు ఇక్కడ రికార్డు షాపులు, జమైకా సంగీతమైన రెగె పాటల స్టూడియోలు వరసగా ఉండేవి. ఓక్‌వుడ్ దగ్గర ఒక సందుకు రెగె లేన్ అనే పేరు పెట్టి, గోడ నిండా ఆ గాయకుల బొమ్మలు వేశారు. తినే ముందో తిన్నాకో ఆ గోడ చూసి రండి.

ఇంకో సంగతి కూడా తెలిసి ఉండాలి. 2011లో ఈ రోడ్డు కింద ఎగ్లింటన్ రైలు మార్గం తవ్వకం మొదలైంది. 2020కి అయిపోతుందన్న పని ఏళ్ల తరబడి సాగింది. ఫుట్‌పాత్‌లకు అడ్డంగా కంచెలు కట్టారు, పార్కింగ్ లేకుండా పోయింది, దుమ్ము సరేసరి. మధ్యలో కోవిడ్ వచ్చింది. నా కళ్ల ముందే ఎన్ని షట్టర్లు దిగాయో! పిండిలో మాంసం కూరి చేసే ప్యాటీలకు ఊరంతా పేరున్న రాండీస్ 1979 నుంచి నడిచిన దుకాణం, 2022 ఫిబ్రవరిలో మూసేశారు. ఆ చివరి రోజుల్లో చలిలో లైను వీధి చివరిదాకా ఉండేది. అంతమంది అంతకుముందు వారం వారం వచ్చి ఉంటే ఎంత బాగుండేదో అని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. అందుకే ఎవరు అడిగినా ముందు ఈ వీధి పేరే చెప్తాను.

ఇక దుకాణాలు. ఓక్‌వుడ్ దగ్గర రాప్స్ ఉంది. రాత్రి పొద్దుపోయాక జెర్క్ చికెన్ దొరికే చోటుగా దానికి ఎప్పటి నుంచో పేరు. మా షిఫ్టు మారే వేళల్లో ఆకలేస్తే మాకు గుర్తొచ్చేది అదే. ఆ పక్కనే స్పెన్సెస్ బేకరీలో హార్డో బ్రెడ్ అనే చిక్కటి, కొంచెం తియ్యటి రొట్టె, మసాలా బన్ను, కోకో బ్రెడ్ దొరుకుతాయి. కోకో బ్రెడ్‌లో కోకో ఏమీ ఉండదు. అది వెన్న రాసి మడిచిన మెత్తటి రొట్టె. దాన్ని విప్పి మధ్యలో ప్యాటీ పెట్టుకుని తింటారు.

ఎగ్లింటన్ దాకా వెళ్లలేని రోజు సెయింట్ క్లెయిర్ వెస్ట్, వాన్ రోడ్ మూల మీద ఆల్బర్ట్స్ ఉంది. సబ్‌వే స్టేషన్‌కి దగ్గరే, నడిచి వెళ్లొచ్చు. నార్త్ యార్క్‌లో అండర్‌హిల్ డ్రైవ్ మీది ఆల్విన్స్ బేకరీలో కోకో బ్రెడ్ మధ్య జెర్క్ చికెన్ పెట్టిన శాండ్‌విచ్ కోసం జనం ఎంత దూరమైనా కారేసుకుని వస్తారు. కూర్చుని, బల్ల మీద ప్లేట్లో తినాలనుకుంటే డౌన్‌టౌన్‌లో పోర్ట్‌లాండ్ స్ట్రీట్ మీద చబ్బీస్ బాగుంటుంది. ఊరి నుంచి అమ్మానాన్న వచ్చినప్పుడు తీసుకెళ్లడానికి సరిపోతుంది, ధర మాత్రం కౌంటర్ ధర కాదు. స్కార్‌బరో, బ్రాంప్టన్‌లలో కూడా ప్లాజా ప్లాజాకీ ఒక జమైకా కౌంటర్ కనబడుతుంది. మీ ఇల్లు అటువైపైతే వాటిని తక్కువగా చూడకండి. ఇలాంటి చిన్న దుకాణాల వేళలు మారుతుంటాయి, ఎక్కడికైనా ఫోన్ చేసి వెళ్లండి.

జెర్క్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీరు మోసపోయింది అక్కడే. జెర్క్ అంటే సాస్ కాదు, కాల్చే పద్ధతి. బానిసత్వం నుంచి తప్పించుకుని జమైకా కొండల్లో బతికిన మరూన్లు అడవిపంది మాంసానికి మసాలా పట్టించి, పిమెంటో కట్టెల మీద నిదానంగా పొగలో కాల్చుకునేవారు. ఆ పద్ధతికి ఈ రోజుకీ పేరు పోర్ట్‌లాండ్ ప్రాంతంలోని బోస్టన్ బేదే. పిమెంటో అంటే ఆల్‌స్పైస్ చెట్టు. గింజ మిరియం కన్నా కాస్త పెద్దది, నలిపితే లవంగం, దాల్చినచెక్క, జాజికాయ కలిసిన వాసన వస్తుంది. దాంతో పాటు స్కాచ్ బానెట్ మిరపకాయ, థైమ్ ఆకు, ఉల్లికాడలు, అల్లం, వెల్లుల్లి నూరి మాంసానికి పట్టించి ఒక రాత్రి ఉంచుతారు. టొరంటోలో పిమెంటో కట్టెలు అందరికీ ఎక్కడ దొరుకుతాయి? చాలామంది నూనె డ్రమ్మును నిలువుగా చీల్చి చేసిన పొయ్యిలో బొగ్గుల మీద కాలుస్తారు. కొందరు ఓవెన్‌లో కాల్చి పైన సాస్ పోస్తారు.

ఏది ఏదో ఎలా తెలుస్తుంది? ముందు ముక్కుతో. షాపు బయటే పొగ వాసన రావాలి. తర్వాత చెవితో. కోడిని మొద్దు మీద పెట్టి, మాంసం కొట్టే కత్తితో ఎముకలతో సహా టకటకా నరుకుతారు. మన చికెన్ షాపులో వినే చప్పుడే. తోలు అక్కడక్కడా నల్లగా మాడి, కొరికితే గట్టిగా తగలాలి. సాస్ లేకుండా ఒక ముక్క నోట్లో పెట్టుకుంటే లోపలి దాకా కారం, వాసన పట్టి ఉండాలి. అందుకే సాస్ పక్కన వేయమని అడగండి, మీకే తెలిసిపోతుంది. బ్రెస్ట్ ముక్క వద్దని, తొడ వైపు డార్క్ మీట్ అడగండి. కారం విషయంలో మన గుంటూరు మిరపకాయ తిన్నవాళ్లమనే ధీమా పనికిరాదు. స్కాచ్ బానెట్ కారం ముందు పండు వాసనలా కమ్మగా మొదలై, రెండు మూడు ముద్దలయ్యాక గొంతు దాకా పాకుతుంది.

మీకు నచ్చిన కర్రీ గోట్ మనకు అక్షరాలా చుట్టరికం. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటల్లో పనికి మనుషులు కావాలని బ్రిటిష్ వాళ్లు మన దేశం నుంచి కూలీలను ఒప్పందం మీద జమైకా తీసుకెళ్లారు. మొదటి ఓడ 1845 మే 10న ఓల్డ్ హార్బర్ బేకి చేరింది. 1917లో ఈ పద్ధతి ఆగేదాకా దాదాపు 36 వేల మంది అలా వెళ్లారు. ఎక్కువమంది కలకత్తా రేవులో ఎక్కినవాళ్లే. కూర పొడి, మేక కూర వాళ్ల వెంట వెళ్లినవే. ఇవాళ జమైకాలో పెళ్లయినా, చావు జాగారమైనా మేక కూర ఉండాల్సిందే. అయితే రుచి మన వేటమాంసం ఇగురులా ఉండాలని చూడకండి. వాళ్ల కూర పొడిలో పసుపు ఎక్కువ, ఆల్‌స్పైస్ ఉంటుంది, ఎండుమిరపకాయ కారం ఉండదు. ముందు ఆ పొడిని నూనెలో రంగు మారేదాకా వేపుతారు. దాన్ని వాళ్లు "కర్రీని కాల్చడం" అంటారు. ఆ పని సరిగా చేయకపోతే పచ్చి పసుపు వాసన వస్తుంది. మంచి చోట మాంసం ఎముక నుంచి విడిపోయేలా ఉడికి, పులుసు చిక్కగా, కొంచెం జిగురుగా ఉంటుంది. ముక్కలు ఎముకతోనే ఉంటాయి, చెంచా పక్కన పెట్టి చేత్తో తినండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇప్పుడు బీఫ్ సంగతి, దయచేసి శ్రద్ధగా చదవండి. ఆక్స్‌టైల్ అంటే ఆవు తోక, కౌ ఫుట్ అంటే కాళ్లు. ఇవి పేర్లలోనే తెలుస్తాయి. తెలియకుండా వచ్చేది గ్రేవీ. అన్నం పెట్టాక "గ్రేవీ?" అని అడుగుతారు. సరే అంటే చాలాచోట్ల ఆక్స్‌టైల్ గ్రేవీయే పోస్తారు. వాళ్ల దృష్టిలో అది మనకు ప్రేమగా వేసే మంచి ముక్క లాంటిది. ఒకసారి మా అత్తగారికి చికెన్ భోజనం పార్సిల్ తెచ్చాను. సగం తిన్నాక అన్నం మీద ఉన్నది ఏ పులుసని అడిగింది. ఫోన్ చేసి కనుక్కుంటే ఆక్స్‌టైల్ గ్రేవీ అన్నారు. ఆవిడ ఆ రోజంతా ఏమీ తినలేదు. ముందే అడగాల్సింది నేను. అప్పటి నుంచి "చికెన్ గ్రేవీ మాత్రమే, ఆక్స్‌టైల్ వద్దు" అని మొదటి మాటగా చెప్తాను. రైస్ అండ్ పీస్ మామూలుగా కొబ్బరిపాలు, రాజ్మా లేదా కందులు, థైమ్ వేసి వండిన అన్నం. అందులోనూ కొందరు రుచి కోసం ఉప్పు పట్టించిన మాంసం ముక్క వేస్తారు. స్ట్యూ పీస్ పేరు చూసి గింజల కూర అనుకోవద్దు, అందులో ఉప్పు పట్టించిన పంది తోకో బీఫో ఉంటుంది.

మీ రూమ్మేట్‌కి మంచి కబురు చెప్పాలి. రాస్తాఫారి మతస్థులు తినే ఐటల్ వంట శాకాహారం. కొబ్బరిపాలు, గుమ్మడికాయ, చిక్కుడు గింజలు, పెండలం, థైమ్‌తో చేస్తారు. కట్టుబాటుగా వండేవాళ్లు ఉప్పు కూడా వేయరు. బాథర్స్ట్ స్ట్రీట్ మీద వన్ లవ్ వెజిటేరియన్‌కి ఈ తరహా వంటలో చాలా ఏళ్లుగా పేరుంది, వాళ్ల మొక్కజొన్న సూప్ నాకు చాలా ఇష్టం. మామూలు కౌంటర్లలో అయితే కలలూ అడగమనండి. జమైకా కలలూ అంటే మన తోటకూరే! ఉల్లిపాయ, టమాటా, థైమ్ వేసి మగ్గబెడతారు. ట్రినిడాడ్ వాళ్ల కలలూ వేరు, అది చేమాకుతో చేస్తారు. కలలూలో చాలామంది ఉప్పుచేప కలుపుతారు కాబట్టి "సాల్ట్‌ఫిష్ లేకుండా" అని చెప్పాలి. వెజిటబుల్ ప్యాటీ పైపొరలో పాత పద్ధతిలో జంతు కొవ్వు వాడేవారు. ఇప్పుడు చాలామంది వాడరు గానీ అడిగి తీసుకోవాలి. వేపిన పండు అరటి, ఉడికించిన క్యాబేజీ, మొక్కజొన్న పిండితో చేసే ఫెస్టివల్ అనే తియ్యటి వేపుడు, కర్రపెండలంతో చేసే బామీ అనే రొట్టె కలిపి తీసుకుంటే కడుపు నిండుతుంది.

ప్యాటీ లేకుండా టొరంటో గురించి చెప్పడం కుదరదు. పసుపుతో రంగెక్కిన పొరలు పొరల పిండి, లోపల కారంగా కూరిన మాంసం. వార్డెన్, బాథర్స్ట్ లాంటి సబ్‌వే స్టేషన్లలో స్కూలు పిల్లల నుంచి నైట్ డ్యూటీ వాళ్ల దాకా ఆ ప్యాటీ తిని పెరిగినవాళ్లే. 1985లో ఫెడరల్ అధికారులు వచ్చి, బీఫ్ ప్యాటీ అంటే నిబంధనల ప్రకారం హాంబర్గర్‌లో పెట్టే మాంసం బిళ్ల మాత్రమే, పిండిలో చుట్టినదాన్ని ఆ పేరుతో అమ్మకూడదు అన్నారు. కెన్సింగ్టన్ మార్కెట్‌లో ప్యాటీ పాలెస్ నడిపిన మైకేల్ డేవిడ్సన్ లాంటివాళ్లు తలవంచలేదు. పత్రికలు రాశాయి, జనం వాళ్ల వైపు నిలబడ్డారు. చివరికి "జమైకన్ ప్యాటీ" అనే పేరుకు రాజీ కుదిరింది. ఫిబ్రవరి 23ని ఈ ఊళ్లో ఇప్పటికీ ప్యాటీ దినంగా జరుపుకుంటారు. అదే కెన్సింగ్టన్ మార్కెట్‌లో బాల్డ్విన్ స్ట్రీట్ మీద ప్యాటీ కింగ్ ఉంది. మీరు చికెన్ ప్యాటీ తీసుకోండి. కొరికేటప్పుడు మొదటి ఆవిరి బయటికి పోనివ్వండి, లోపల చాలా వేడిగా ఉంటుంది.

వేళ సంగతి. అకీ, ఉప్పుచేప కలిపిన వంటకం జమైకా జాతీయ వంటకం. అది పొద్దుటి టిఫిన్, ఆలస్యంగా వెళితే దొరకదు. అకీ ఒక పండు, వండాక చూస్తే అచ్చం కోడిగుడ్డు పొరటులా ఉంటుంది. సముద్రం ఒడ్డు ఊళ్లవాళ్లకు, ఎండుచేప వాసన పడేవాళ్లకు ఇది మొదటి ముద్దకే నచ్చుతుంది. సరిగ్గా పండని అకీ విషం, అందుకని పచ్చి కాయ ఎక్కడైనా కనబడినా మీరు ప్రయోగాలు చేయకండి. ఇంట్లో వండుకోవాలంటే డబ్బాలోది కొనండి. శనివారం సూప్ రోజు. గుమ్మడికాయ, పెండలం, పిండి ముద్దలు వేసి చిక్కగా చేస్తారు, చికెన్ సూప్ ఉందా అని అడగండి. ఆదివారం చాలా చోట్ల సెలవు. జెర్క్ కోసమైతే మధ్యాహ్నం పన్నెండున్నరకు, పొయ్యి మీద నుంచి మొదటి విడత దిగుతున్నప్పుడు వెళ్లండి. కౌంటర్ దగ్గర అక్క కొంచెం కటువుగా మాట్లాడినట్టు అనిపిస్తే నొచ్చుకోకండి. ముందు "గుడ్ ఆఫ్టర్‌నూన్" అని పలకరించి అప్పుడు ఆర్డర్ చెప్పండి. పలకరించకుండా ఏం కావాలో చెప్పడం వాళ్లలో మర్యాద కాదు. పలకరించిన రోజున నా డబ్బాలో అరటి ముక్కలు ఒకటి రెండు ఎక్కువే పడ్డాయి.

గోంగూర మాట బాకీ ఉంది కదా. సోరెల్ అనేది మన గోంగూర మొక్కే. మనం ఆకు తింటాం, వాళ్లు పువ్వు రాలిపోయాక కాయ చుట్టూ మిగిలే ఎర్రటి పుల్లటి రెక్కలను అల్లంతో మరిగించి, చక్కెర కలిపి చల్లగా తాగుతారు. క్రిస్మస్‌కి అది లేని జమైకా ఇల్లు ఉండదు. కొందరు రమ్ కూడా కలుపుతారు, వద్దనుకుంటే ముందే అడగండి. అదే పండగకి కొబ్బరిపాల అన్నంలో పచ్చి కందులు వేస్తారు, వాటిని వాళ్లు గుంగో అంటారు. ఆ బ్రేక్ రూమ్‌లో నా పచ్చడి తిన్నావిడ మర్నాడు ఒక సీసా సోరెల్ తెచ్చిచ్చింది. మూత తీయగానే మా తెనాలి ఇంట్లో అమ్మ గోంగూర ఉడకబెట్టినప్పటి పుల్లటి వాసన వచ్చింది. డిసెంబరులో ఎగ్లింటన్ వెళితే బేకరీల్లో సీసాల్లో అమ్ముతారు. మీరూ మీ రూమ్మేట్ ఇద్దరూ నిశ్చింతగా తాగొచ్చు. ఒక సీసా మీ ఆఫీసు స్నేహితుడికి కూడా తీసుకెళ్లండి, కర్రీ గోట్ పెట్టినందుకు.